రోళ్లు పగిలే ఎండల్లో రోహిణి: పాత కర్ర గ్లైడర్‌ను వెతికి, విప్పి, నిలబెట్టడం

మన దేశంలో సివిల్ ఏవియేషన్ శాఖ రూపొందించిన కర్ర గ్లైడర్లకు, అంటే ఇంజిన్ లేకుండా ఎగిరే విమానాలకు, నక్షత్రాల పేర్లు పెట్టారు. 1958లో అశ్విని, 1961లో రోహిణి, 1963లో కార్తిక్, ఆ తర్వాత మృగశిర, ఆర్ద్ర. మహారాష్ట్ర సరిహద్దులో నాందేడ్, ధర్మాబాద్, బల్లార్‌షా, సిరొంచ వైపు తెలుగువాళ్లకు ఇవి ముందు కార్తెలుగానే గుర్తొస్తాయి. అది ఒకందుకు మంచిదే, ఈ పనికి కార్తెలే క్యాలెండర్. ఏ నెలలో జిగురు పూయాలి, ఏ నెలలో డోప్ (గుడ్డను బిగించే పూత) ముట్టుకోకూడదు అన్నది తెలియకపోతే ఎంత నేర్పున్న వడ్రంగులైనా పని చెడగొట్టుకుంటారు.

రోహిణిలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. కార్తిక్‌లో ఒక్కరే, రెక్కల నిడివి 15 మీటర్లు. ఆర్ద్రలో ఒకరి వెనక ఒకరు. ఎన్‌సీసీ కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కట్టిన రకం అది. దుమ్ములో పడున్న పెట్టెలాంటి ముక్కును చూసి రకం తేల్చుకోవడానికి ముందు సీట్లు లెక్కపెట్టండి. తర్వాత కాక్‌పిట్ లోపల లోహపు పలక వెతకండి, రకమూ వరుస నంబరూ దాని మీద ఉంటాయి. తోక దగ్గర "వీటీ-" తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలు రంగు కింద కప్పబడిపోయి ఉండొచ్చు. టార్చి అడ్డంగా పట్టి చూస్తే అక్షరాల అంచులు తేలతాయి.

కాగితం దొరికాకే కర్ర

వెతకాల్సింది గ్లైడర్‌ని కాదు, దాని కాగితాల్ని. ఎన్‌సీసీ ఎయిర్ స్క్వాడ్రన్లు, పాత గ్లైడింగ్ క్లబ్బులు, ఏరోనాటికల్ శాఖ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు... సేవలోంచి తీసేసిన విమానం సాధారణంగా ఇలాంటి చోట్లకే చేరుతుంది. మన సరిహద్దు జిల్లాల నుంచి పుణె, నాగపూర్, హైదరాబాద్ మూడూ ఒక రాత్రి ప్రయాణమే కాబట్టి మూడు వైపులా వెతకొచ్చు. గ్లైడర్ల సంగతి తెలిసినవాళ్లు పుణె హడప్సర్ గ్లైడింగ్ సెంటర్ చుట్టుపక్కల ఎక్కువ. ఫోటో తీసుకెళ్లి అక్కడి పాతవాళ్లకు చూపిస్తే రకమేమిటో అక్కడికక్కడే తేలిపోయే అవకాశం ఉంది.

కాలేజీకి వెళ్తే "మీ దగ్గర గ్లైడర్ ఉందా" అని అడగకండి, లేదనే అంటారు. డెడ్‌స్టాక్ రిజిస్టర్ (సంస్థ సామాను పట్టిక) చూపించమని ప్రిన్సిపాల్ ఆఫీసుకు రాతపూర్వకంగా అడగండి. మహారాష్ట్ర విద్యాసంస్థల్లో సాధారణంగా ఆ పుస్తకం ఉంటుంది, అందులో "ఎయిర్‌ఫ్రేమ్, శిక్షణ నిమిత్తం" లాంటి పంక్తి ఉందేమో చూడాలి. ప్రభుత్వ సంస్థ స్పందించకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది. ప్రభుత్వ తుక్కు తరచు ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ-వేలంలో పోతుంది, అక్కడ గ్లైడర్ అన్న మాట కనిపించకపోవచ్చు. "అన్‌సర్వీసబుల్ వుడెన్ స్ట్రక్చర్" అన్నా వదలకండి. లెక్కల్లోంచి కొట్టేసిన రైటాఫ్ ఉత్తర్వు లేకుండా ల్యాబ్ అటెండర్ చేతిలో డబ్బు పెట్టి తెచ్చుకున్న రెక్క మీది కాదు. రేపు ఎవరైనా అడిగితే అది దొంగ సొత్తే.

భంగార్ (పాత సామాను) దుకాణాల్లో దొరికేవి లోహపు ముక్కలు మాత్రమే. కర్రను వాళ్లు ఎప్పుడో పొయ్యిలో పెట్టేసి ఉంటారు. అయినా వెళ్లండి, ఎందుకంటే రెక్కను ఒంటికి పట్టే ఉక్కు ఫిట్టింగులు, వాటి పిన్నులు, లాగుడు తాడు వదిలే కొక్కెం అక్కడ తేలితే అదృష్టమే. కర్ర ముక్క ఏదైనా మళ్లీ చేసుకోవచ్చు. ఆ ఫిట్టింగులను డ్రాయింగు లేకుండా, సరైన ఉక్కు లేకుండా చేయడం తగదు.

లాగ్‌బుక్ (ఎగిరిన, మరమ్మతు చేసిన వివరాల పుస్తకం) ఉంటే అన్ని పేజీలూ చదవండి. "హెవీ లాండింగ్" (నేలను గట్టిగా తాకుతూ దిగడం) అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టుకోండి, ఆ తేదీ తర్వాత రెక్క పొడవునా ఉండే దూలంలో ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. అన్నట్టు, ఎగరేయడమా, చూపుకి పెట్టడమా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఎగరాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్, ఎగరడానికి తగినదన్న ఎయిర్‌వర్దినెస్ సర్టిఫికెట్, ప్రతి మరమ్మతు మీదా లైసెన్సున్న ఇంజినీరు సంతకం కావాలి. లాగ్‌బుక్ పోయిన గ్లైడర్ ఎగరాలని ఆశ పడటం అనవసరం. చూపుకి పెట్టేదైనా పని మాత్రం ఎగిరేదానికి చేసినట్టే చేయాలని మా అభిప్రాయం. లేకపోతే నాలుగు వానాకాలాలకే రెక్క వంగుతుంది.

లారీ ఎక్కించే ముందు

15 మీటర్ల గ్లైడర్‌కి ఒక్కో రెక్క 7 మీటర్లు దాటుతుంది. 20 అడుగుల లారీ అంటే 6 మీటర్లే, సరిపోదు. 32 అడుగులది మాట్లాడుకోవాలి. రెక్కను పడుకోబెట్టి కట్టొద్దు. ముందంచు కిందికి వచ్చేట్టు నిలువుగా, గోనెసంచీలు చుట్టిన చెక్క తొట్టెలో నిలబెట్టాలి. ఒక ఆధారం మొదలు దగ్గర, రెండోది మొదలు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, రెండూ పక్కటెముకల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ చెక్కల) కిందే రావాలి. తాడు బిగిస్తే పలుచని ప్లై నలుగుతుంది, కాబట్టి వెడల్పు పట్టీ వాడండి. ఎయిలరాన్లు (రెక్క వెనకంచున కదిలే పలకలు), చుక్కాని విప్పి విడిగా కట్టండి. విప్పిన ప్రతి బోల్టునూ దాని రంధ్రం పేరు రాసిన సంచిలో వేయండి.

జిగురు చూడటం

కర్ర గ్లైడర్ పరీక్షలో తొంభై పాళ్లు జిగురు పరీక్షే. అతుకుల్లో కనిపించే గీత రంగు చూడండి. తెల్లగా, మీగడ రంగులో ఉంటే పాల విరుగుడుతో చేసిన కేసిన్. తడిపి గోకితే విరిగిన పాల వాసన వస్తుంది. ఇది తడికి మెత్తబడుతుంది, బూజు దాన్ని తింటుంది. రంగులేకుండానో, లేత గోధుమ రంగులోనో ఉంటే యూరియా ఫార్మాల్డిహైడ్ కావచ్చు. దీనికి వేడి శత్రువు: ఏళ్ల తరబడి ఎండ సెగ తగిలిన కొద్దీ పెళుసైపోతుంది. ముదురు ఎరుపు, ఊదా రంగు గీత ఉంటే రిసార్సినాల్, ఊపిరి పీల్చుకోండి.

చంద్రపూర్, బల్లార్‌షా ఎండలు తెలిసినవే. రేకుల షెడ్డులో పదేళ్లున్న యూరియా అతుకు చూడటానికి బాగానే ఉంటుంది, ఉలి మొన పెట్టి తడితే ఠప్పున విడిపోతుంది. అందుకే చూపుతో నమ్మొద్దు. 0.1 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) తీసుకుని అతుకు గీత పొడవునా తోయండి, ఎక్కడ దూరితే అక్కడ అతుకు చచ్చినట్టే. తర్వాత రూపాయి బిళ్లతో ప్లై మీద తట్టుకుంటూ పోండి. గట్టి చోట టకటక మంటుంది, ఊడిన చోట డబడబ మంటుంది. పిల్లలకి అప్పజెప్పినా తేడా పట్టేస్తారు.

ముఖ్యదూలానికి ఇంకో పరీక్ష. హెవీ లాండింగుల్లో దూలం పట్టీ నొక్కుకుపోయి, నారకు అడ్డంగా వెంట్రుకంత ముడత పడుతుంది. మామూలు వెలుగులో కనపడదు. వార్నిష్ తీసి, స్పిరిట్‌తో తుడిచి, చీకట్లో టార్చిని దూలానికి ఆనించినట్టు పట్టి చూడాలి. స్పిరిట్ అంతటా ఆరిపోయినా ముడతలో మాత్రం నల్లగా నిలుస్తుంది. అది కనిపిస్తే ఆ దూలం ఎగరడానికి పనికిరాదు, జిగురు పోసి దాచే పని కాదది.

తక్కిన వాటికి ఎక్కువ మాటలక్కర్లేదు. ఉక్కు ఫిట్టింగుల చుట్టూ నల్లటి మరక ఉంటే లోపల తడి చేరింది, బోల్టు తీసి రంధ్రం గుండ్రంగా ఉందా, సాగిందా చూడండి. కేబుళ్ల మీద నూలుగుడ్డ పట్టి లాగితే తెగిన తీగ గుడ్డకు చిక్కుకుంటుంది, ఒక్క తీగ చిక్కినా కేబుల్ మార్చాల్సిందే. ఎలుకల గూడు ఉన్న చోట మూత్రం జిగురునీ లోహాన్నీ రెండింటినీ తినేసి ఉంటుంది. రెక్క కింద నీళ్లు కారడానికి వదిలిన చిల్లుల్ని, గాలి వేగం కొలిచే గొట్టాన్నీ కందిరీగలు మట్టిగూళ్లతో మూసేస్తాయి. చిల్లి మూసుకున్న గదిలో కర్ర కుళ్లి ఉండొచ్చు, అక్కడ సన్న మొనతో పొడిచి చూడండి. చెదలు వచ్చిందంటే మట్టి దారి కనిపిస్తుంది, పుచ్చు పురుగైతే పిండి రాలుతుంది.

విప్పే ముందు కొలతలు

రెక్క మీది గుడ్డ చించేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఆగండి. ముందు గుండు దారం వేలాడదీసి, నీళ్ల గొట్టం మట్టంతో రెక్క మొదలు, మధ్య, చివర ఎంతెంత వాలి ఉన్నాయో కొలవండి. చివర ముందంచు కొంచెం కిందికి తిరిగి ఉండటం చాలా గ్లైడర్లలో కావాలనే పెట్టింది, దాన్ని వంకర అనుకుని సరిచేసినవాళ్లు గ్లైడర్‌ని పాడుచేశారు. రెండు రెక్కల కొలతలూ సరిపోలితే అది డిజైను, ఒకదానిలోనే ఉంటే అది వంకర. పక్కటెముకల మధ్య దూరం, కుట్టు ముడుల మధ్య దూరం, టేపులు వెళ్లిన దారి, అన్నీ ఫోటోతో పాటు కాగితం మీదా రాసుకోండి. తర్వాత గుడ్డను పెద్ద ముక్కలుగా కోసి దాచండి, పాత రంగులకీ అక్షరాలకీ అవే నమూనాలు.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచిన సమతలమైన బల్ల, రెక్క పొడవంతా, తయారు చేసుకున్నాకే దూలాన్ని ముట్టుకోవాలి. గాల్లో వేలాడుతున్న రెక్కలో కొత్త ముక్క అతికిస్తే అది ఎలా ఉందో అలాగే గట్టిపడిపోతుంది.

టేకు వద్దు

ఆలపల్లి, సిరొంచ టేకు దేశమంతా పేరు మోసింది. బల్లార్‌షా డిపోలో మంచి దుంగ కనిపించగానే చెయ్యి లాగుతుంది. గ్లైడర్‌కి మాత్రం వాడొద్దు. గ్లైడర్లలో వాడే స్ప్రూస్ ఘనమీటరుకు 400 నుంచి 450 కిలోల దాకా ఉంటే టేకు 600 దాటుతుంది. పైగా టేకులో ఉన్న నూనె జిగురును పట్టనివ్వదు. తలుపుకి వరమైన గుణమే రెక్కకి శాపం. స్ప్రూస్ దొరికితే ఎంచుకోవడానికి లెక్కలు ఇవి: నార వాలు 15కి 1 మించకూడదు, అంగుళానికి 6 వలయాలకు తక్కువ ఉండకూడదు, కణుపులూ జిగట సంచులూ ఉన్న ముక్కను పక్కన పెట్టాలి. చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. రెండు సూదుల తేమ మీటరు కొనుక్కోండి, ఇందులో పొదుపు చేయొద్దు.

ప్లై విమానాలకు చేసే బర్చ్ చెట్టు కర్రదే కావాలి, జీఎల్-1 లాంటి గ్రేడు. మందం 1, 1.5, 2 మిల్లీమీటర్లు. ఊరి దుకాణంలో ఐఎస్ 710 మెరైన్ ప్లై మంచిదే కానీ అంత సన్నగా రాదు.

ముక్క అతికించేటప్పుడు మూతికి మూతి ఆనించకుండా, రెండు వైపులా వాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాలి. వాలు 12కి 1. అంటే 1.5 మిల్లీమీటర్ల ప్లైకి 18 మిల్లీమీటర్ల వాలు, 2 మిల్లీమీటర్లకి 24. పదునైన చిత్రికతో పట్టండి. ఆఖర్న ఉప్పుకాగితం రుద్దే అలవాటు ఇక్కడ మానుకోవాలి, ఆ దుమ్ము చెక్క రంధ్రాల్ని మూసేస్తుంది, జిగురు పైపైనే నిలుస్తుంది. చిత్రిక పట్టిన రోజే అతికించాలి.

ఫెవికాల్‌తో కుర్చీ చేయొచ్చు. ఎడతెగని బరువు కింద ఆ తెల్ల జిగురు మెల్లగా జారుతుంది, దూలానికి పనికిరాదు. రిసార్సినాలే ఉత్తమం. డబ్బా మీద రాసిన పాళ్లు తూకం వేసి కలపాలి, చెంచాలతో కాదు. 21 డిగ్రీల పైన ఉంటేనే సరిగ్గా గట్టిపడుతుంది. మన దగ్గర చలి సమస్య పూస మాసపు రాత్రుల్లోనే, అసలు సమస్య వేడి. పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉన్న సమయం దాదాపు సగమవుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కలిపితే బిగింపులు వేసేలోపే గిన్నెలో ముద్దయిపోతుంది. ఆ నెలల్లో పని చేయాల్సే వస్తే తెల్లవారుజామున 5 నుంచి 8 లోపు ముగించండి. రిసార్సినాల్‌కి సందు పడదు, రెండు ముఖాలూ గట్టిగా ఆనాలి, బిగింపు సమానంగా ఉండాలి. పలుచని ప్లై మీద అడ్డపట్టీ పెట్టి సన్న ఇత్తడి మేకులు కొడితే ఒత్తిడి పరచుకుంటుంది, ఆరాక పట్టీ, మేకులు తీసేయాలి.

కలిపిన ప్రతిసారీ అదే చెక్క ముక్కలు రెండు విడిగా అతికించి తేదీ వేయండి. మర్నాడు ఉలితో చీల్చండి. చెక్క నార చిరిగితే పని నిలిచింది. జిగురు గీత శుభ్రంగా విడిపోతే నిన్న చేసిన అతుకులన్నీ మళ్లీ తీయాలి. ఈ ముక్క బద్దలు కొట్టకుండా ముందుకు పోయేవాళ్లతో మేము వాదించం, వాళ్ల గ్లైడర్ ఎక్కం కూడా.

మూసేసే గదుల లోపల రెండు పూతలు వార్నిష్ వేయాలి. జిగురు పడే చోట్ల ముందే టేపు అంటించి, పూశాక తీయండి. మూసేశాక మళ్లీ చేయి పెట్టే దారి ఉండదు.

గుడ్డ

ఇక్కడ మన తెలుగువాళ్ల చేతికి పని ఉంది. సోలాపూర్ పద్మశాలీల ఇళ్లలో పడుగు, పేక వేళ్లతో లెక్కించగలిగే వాళ్లు ఇంకా ఉన్నారు. విమానాల ఏ-గ్రేడు నూలుగుడ్డకు అంగుళానికి 80 నుంచి 84 పోగులు, చదరపు గజం బరువు సుమారు 4 ఔన్సులు, అంటే చదరపు మీటరుకి 135 గ్రాములు. అంగుళం వెడల్పు పట్టీ 80 పౌండ్లు, దాదాపు 36 కిలోలు, మోయాలి. నెమ్మదిగా ఎగిరే తేలిక గ్లైడర్లకు 50 పౌండ్ల గుడ్డ చాలు, అది 35 పౌండ్లకు, అంటే 16 కిలోలకు దిగితే మార్చాలి. ఎగిరేదానికి ధ్రువపత్రం ఉన్న గుడ్డే వాడాలి, మగ్గం గుడ్డ చూపుకి పెట్టేవాటికే.

పాత గుడ్డ బలం తెలుసుకోవాలంటే డోప్ తీసేసిన పట్టీని, అంచు పోగులు లాగి సరిగ్గా అంగుళానికి తెచ్చి, పైనా కిందా చెక్క పట్టుల్లో బిగించి, కింద బకెట్ వేలాడదీసి నీళ్లు పోయండి. బకెట్ బరువు కలుపుకుని 16 కిలోల లోపే తెగితే ఇక మాట లేదు. ఇంటి పరీక్ష ఇది, సంతకానికి చెల్లదు, నిర్ణయానికి చాలు.

కొత్త గుడ్డలో గంజి ఉండకూడదు. గంజి ఉంటే డోప్ లోపలికి ఇంకదు, బూజుకి ఆహారమవుతుంది. పడుగు రెక్క ముందు నుంచి వెనక్కి వచ్చేట్టు పరచండి. మరీ బిగించొద్దు: నీళ్లు చిలకరిస్తే కొంత, డోప్‌కి ఇంకొంత బిగుస్తుంది. ముందే డోలు చర్మంలా లాగితే డోప్ ఆరాక వెనకంచు పక్కటెముకల మధ్య లోపలికి వంగుతుంది. పక్కటెముకలకు గుడ్డను తేనెమైనం పట్టించిన నార దారంతో, పాత ముడుల దూరంలోనే కుట్టాలి. పైన వేసే టేపుల అంచులు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరిస్తే పోగులు లేవవు.

డోప్ మొదటి రెండు పూతలు నైట్రేట్ రకం, బూజు మందు కలిపి, కుంచెతో గుడ్డ అవతలికి దిగేట్టు. పైన బ్యూటిరేట్ రకం వేయొచ్చు. బ్యూటిరేట్ మీద నైట్రేట్ మాత్రం వేయకూడదు, పట్టదు. తర్వాత అల్యూమినియం పొడి కలిపిన పూతలు రెండు మూడు. నూలుగుడ్డను చంపేది వాన కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. రెక్క లోపల బల్బు పెట్టి చూడండి, వెలుగు బయటికి రాకుండా ఉన్నప్పుడే వెండి పూత చాలినట్టు.

మృగశిర నుంచి స్వాతి దాకా డోప్ డబ్బా మూత తీయొద్దు. గాలిలో తేమ 70 శాతం దాటితే ద్రావకం ఆరే చలువకి నీటి ఆవిరి పూత మీద దిగి తెల్లటి మచ్చ కడుతుంది. పైకి మచ్చ, లోపల పూత బలహీనం. దీపావళి తర్వాత నుంచి శివరాత్రి దాకా మనకు మంచి కాలం. నైట్రేట్ డోప్ పెట్రోలు కంటే తక్కువేమీ కాదు: స్విచ్చులు, బీడీలు, ప్లాస్టిక్ బకెట్లు దూరం పెట్టండి. ఆరిన నైట్రేట్ మీద పొడిగుడ్డ రుద్దితే పుట్టే మెరుపు చాలు అంటుకోవడానికి. తలుపులు తీసి, మాస్కు వేసుకుని, పక్కన ఇంకో మనిషి ఉండగానే చేయండి. రంగు తెలుపే వేయండి, ముదురు రంగు రెక్క మన ఎండలో వేడెక్కి లోపలి అతుకుల్ని వండుతుంది.

నిలబెట్టడం

వేసవి మధ్యాహ్నాల్లో గాలి తేమ 20 శాతం లోపు ఉన్నప్పుడు చెక్క 5 శాతానికి ఎండుతుంది, శ్రావణంలో 18కి ఉబ్బుతుంది. ఏటా ఈ ఊపిరి తీసుకోవడమే అతుకుల్ని వదులు చేస్తుంది. రేకుల కప్పు కింద పెట్టాల్సి వస్తే అటక వేయించండి, నేల నుంచి రెండడుగులు ఎత్తి ఇనుప స్టాండు మీద నిలపండి, స్టాండు కాళ్ల కింద చెదల మందు పోయించండి. గదిలో గాలి తేమ కొలిచే మీటరు 45, 60 శాతం మధ్య చూపిస్తే చాలు. వానాకాలంలో ఫ్యాను ఆపకండి.

పైకప్పుకి వేలాడదీస్తుంటే తాళ్లు దూలం మొదట్లో ఉన్న ఫిట్టింగులకే కట్టాలి, పక్కటెముకలకు కాదు. కదిలే ఎయిలరాన్లు, చుక్కాని తటస్థ స్థానంలో చెక్క పట్టీలతో బిగించండి, ఫ్యాను గాలికి ఊగి కీళ్లు అరుగుతాయి. రెక్క కింద నీళ్ల చిల్లులన్నీ తెరిచి ఉన్నాయో లేదో ఆరు నెలలకోసారి అగ్గిపుల్ల దూర్చి చూడండి. కందిరీగలు మళ్లీ వస్తాయి.